రాజకీయ క్విజ్‌లో మన చుక్క ఎక్కడ పడుతుంది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? (తిరుపతి స్టడీ సర్కిల్ కోసం)

చదువుల_గది | ఆదివారం, సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. తిరుపతిలో డిగ్రీ హాస్టల్ పిల్లల స్టడీ సర్కిల్ కోసం అడుగుతున్నాను. ఈ నెల అంశం, మన రాజకీయ అభిప్రాయాలు ఏ వైపు ఉన్నాయో క్విజ్‌లతో చూసుకోవడం. ఒకే మనిషి ఒకే రోజు మూడు క్విజ్‌లు చేస్తే ఫలితం మూడు రకాలుగా వచ్చింది. పొలిటికల్ కంపాస్‌లో చుక్క ఎడమ కింది గదిలో పడింది (ఆర్థికం -4.2, సామాజికం -1.5). ఎయిట్ వాల్యూస్‌లో "సోషల్ డెమొక్రసీ" అని పేరు వచ్చింది. పది ప్రశ్నల చిన్న క్విజ్‌లో 50/50 వచ్చి సరిగ్గా నడిమధ్యలో కూర్చుంది. ఏది నమ్మాలి? మన ఊరి పిల్లలకు వీటిని ఎట్లా చేయించాలి? 25 మంది, గంటన్నర సమయం, ఇద్దరికొక ఫోన్.

నీవానది | ఆదివారం, రాత్రి 8:32

మూడూ వేర్వేరు కొలబద్దలు తమ్ముడూ. సేరుతో కొలిచింది, మూరతో కొలిచింది పక్కపక్కన పెట్టి ఏది నిజమని అడిగితే జవాబు ఉండదు. ఒక్కొక్కటి లోపల ఎట్లా లెక్క కడుతుందో పిల్లలకు ముందు చెప్పండి, సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

పది ప్రశ్నల క్విజ్: 1969లో డేవిడ్ నోలన్ అనే అమెరికన్ గీసిన పటం దీనికి మూలం. 1985లో మార్షల్ ఫ్రిట్జ్ దాన్ని క్విజ్‌గా మార్చాడు. వ్యక్తిగత విషయాలపై 5, ఆర్థిక విషయాలపై 5. ఒప్పుకుంటే 20, "కావచ్చు" అంటే 10, కాదంటే 0. రెండు మొత్తాలూ వందకు వస్తాయి. చాలా ఏళ్లు వాడిన రూపంలో పది వాక్యాలూ ఒకే దిక్కుకు రాసి ఉన్నాయి: ప్రభుత్వం తప్పుకోవాలి, పన్ను తగ్గాలి, ఆంక్ష తీసేయాలి. కాబట్టి దేనికైనా "సరే" అనే అలవాటున్నవాళ్లు నేరుగా స్వేచ్ఛావాదుల మూలకు చేరిపోతారు. ఆ క్విజ్‌ను నడిపేది ఆ భావజాలం ఉన్న సంస్థే.

పొలిటికల్ కంపాస్: 2001 నుంచి ఉంది. 62 వాక్యాలు, ఆరు పేజీలు, జవాబుకు నాలుగే గళ్లు, మధ్యస్థం లేదు. ఆర్థికం -10 (ఎడమ) నుంచి +10 (కుడి), సామాజికం -10 (స్వేచ్ఛ) నుంచి +10 (కట్టడి). ఏ వాక్యానికి ఎంత బరువో వాళ్లు బయటపెట్టలేదు. మొదటి వాక్యమే చూడండి, ప్రపంచీకరణ తప్పనిసరైతే అది బహుళజాతి కంపెనీల కంటే ముందు మనుషులకు మేలు చేయాలా అనే అర్థంలో ఉంటుంది. దానికి కాదనేవాళ్లు ఎంతమంది? ప్రశ్న రాసిన తీరే జవాబును ఒక పక్కకు తోస్తుంది.

ఎయిట్ వాల్యూస్: 70 వాక్యాలు, ఐదు గళ్లు, నాలుగు అక్షాలు (అక్షం అంటే ఒక అంశంపై రెండు కొసల మధ్య కొలిచే గీత). దీని కోడ్ బహిరంగంగా ఉంది, అందుకే పాఠం చెప్పడానికి ఇదే మేలు. "గట్టిగా అవును" అంటే పూర్తి బరువు, "అవును" అంటే సగం, మధ్యస్థం సున్నా, "కాదు" అంటే మైనస్ సగం, "గట్టిగా కాదు" అంటే మైనస్ పూర్తి. చివర ఒక్కో అక్షానికి సూత్రం ఇదీ: వచ్చిన మొత్తానికి గరిష్ఠాన్ని కలిపి, గరిష్ఠానికి రెండింతలతో భాగించి, వందతో గుణించాలి.

బోర్డు మీద చేసి చూపించండి. పదేసి బరువున్న నాలుగు వాక్యాలు, గరిష్ఠం 40. జవాబులు వరసగా గట్టిగా అవును, అవును, మధ్యస్థం, కాదు. అంటే 10 + 5 + 0 - 5 = 10. (40 + 10) / 80 × 100 = 62.5. ఇంతే. ఇందులో రహస్యమేమీ లేదు.

లెక్కల_పుస్తకం | ఆదివారం, రాత్రి 9:05

నీవానది సార్ చెప్పినదానికి ఒకటి చేర్చాలి. ఈ సూత్రంలో పెద్ద లోపం నడిమధ్యలో ఉంది. ఆ నాలుగు వాక్యాలకూ "మధ్యస్థం" కొట్టిన మనిషికి మొత్తం సున్నా, ఫలితం 50. రెండింటికి గట్టిగా అవును, రెండింటికి గట్టిగా కాదు అన్న మనిషికీ మొత్తం సున్నా, ఫలితం 50. మొదటివాళ్లకు ఆ విషయమే పట్టదు. రెండోవాళ్లు దాని కోసం రోడ్డెక్కే మనిషి. క్విజ్ ఇద్దరినీ ఒకే చుక్కలో పెట్టి "మధ్యేవాది" అంటుంది.

దీనికి విరుగుడు సులువు. గుర్తులతో కలిపిన మొత్తం ఒకటి, ప్లస్ మైనస్ చూడకుండా అంకెలు మాత్రమే కూడిన మొత్తం ఇంకొకటి రాయించండి. మొదటిది ఏ వైపో చెబుతుంది, రెండోది ఎంత పట్టుదల ఉందో చెబుతుంది. 0 పక్కన 0 ఉంటే ఒక మనిషి, 0 పక్కన 40 ఉంటే పూర్తిగా వేరే మనిషి.

సోషల్ డెమొక్రసీ లాంటి పేర్లు ఎట్లా వస్తాయంటే, క్విజ్ దగ్గర పేర్ల పట్టిక ఉంటుంది, ఒక్కో పేరుకు నాలుగు అంకెలు ముందే రాసిపెట్టి ఉంటాయి. మన నాలుగు అంకెలకు దూరం ఎవరితో తక్కువో వాళ్ల పేరు తగిలిస్తుంది. రెండు పేర్లు దాదాపు సమాన దూరంలో ఉన్నా ఒకటే చూపిస్తుంది. పేరు వదిలేసి అంకెలు రాసుకోమనండి.

పుత్తూరు_రోడ్ | ఆదివారం, రాత్రి 9:40

మధ్యస్థం గడి ఉండకూడదనేది నా మాట. అది ఉంటే పిల్లలు ఆలోచించకుండా అందులో దూరుతారు. కంపాస్ వాళ్లు నాలుగు గళ్లే పెట్టింది అందుకే.

స్వర్ణముఖి | ఆదివారం, రాత్రి 10:18

అన్నా, ఇద్దరికొక ఫోన్ ఉన్నప్పుడు బలవంతంగా ఒక వైపు తోస్తే పక్కవాళ్లు ఏది కొడితే అదే కొడతారు. మధ్యస్థం ఉంచాలి, దాని పక్కన "ఈ విషయం నాకు తెలియదు" అని ఇంకో గడి కూడా ఉండాలి. రెండూ ఒకటి కాదు. తెలియదు అన్నదాన్ని లెక్కలోంచి పూర్తిగా తీసేయాలి, గరిష్ఠం కూడా ఆ మేరకు తగ్గించాలి. లేకపోతే తెలియనితనమంతా మధ్యేవాదంగా నమోదవుతుంది. అట్లనే ఫోన్ ఇద్దరికొకటి వద్దు, కాగితం మనిషికొకటి ఇవ్వండి. అభిప్రాయం పక్కవాళ్లకు కనిపిస్తే మారుతుంది, కులం, దేవుడు, రిజర్వేషన్ ప్రశ్నలకైతే మరీ.

అసలు విషయం ఇంకొకటుంది. ఆ వాక్యాలు మన ఊరివి కావు. సైన్యంలో నిర్బంధ సేవ వద్దు అనేది చాలా ఏళ్లు వాడిన ఆ పది ప్రశ్నల్లో ఒకటి. మన దేశంలో నిర్బంధ సేవే లేదు. జాతీయ గుర్తింపు కార్డు వద్దు అనేది ఇంకొకటి. ఇక్కడ ఆ ప్రశ్న ఆధార్ అవుతుంది, చేతిలో ఉన్న కార్డు గురించి అడిగితే జవాబు వేరుగా వస్తుంది. పదవీ విరమణ డబ్బు మనిషి చేతికే వదిలేయాలన్న ప్రశ్న ఇక్కడ సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) అవుతుంది, మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు వర్తించేది. అమెరికా వాక్యాన్ని తెలుగు చేసి ఇస్తే టీచర్ ఉద్యోగానికి చదివే పిల్లలకు అంటదు. సీపీఎస్ అనగానే అంటుకుంటుంది.

దేవాలయాల ప్రశ్న ఇంకా చిక్కు. పాశ్చాత్య క్విజ్‌లో మతం నుంచి ప్రభుత్వం దూరంగా ఉండాలి అంటే అవునన్నవాళ్లను లౌకికవాదుల వైపు వేస్తారు. తిరుపతిలో అదే మాట అడిగి చూడండి. దేవస్థానం పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, 1987 నాటి దేవాదాయ చట్టం కింద. కొండమీద ప్రభుత్వ పెత్తనం పోవాలి, గుడి భక్తుల చేతికి రావాలి అనే పరమ భక్తులు "అవును" అంటారు. ప్రభుత్వానికి దేవుడి పనులెందుకు అనే నాస్తికులూ "అవును" అంటారు. రెండు అవునులూ ఒకే గడిలో పడతాయి, మనుషులు మాత్రం రెండు కొసల్లో ఉంటారు. దీన్ని రెండు వాక్యాలుగా విడగొట్టాలి: "ఆలయ పాలకమండలిని ప్రభుత్వం నియమించకూడదు" ఒకటి, "ప్రభుత్వ నిధులు ఏ మతానికీ ఖర్చు పెట్టకూడదు" ఇంకొకటి. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అంటే ఒక రకం. రెండింటికీ అవునంటే ఇంకో రకం.

కపిలతీర్థం | సోమవారం, ఉదయం 7:25

స్వర్ణముఖి అక్క చెప్పింది బడి మాధ్యమానికీ వర్తిస్తుంది. "ప్రభుత్వ బడిలో ఒకటి నుంచి ఐదు వరకు తెలుగులోనే చెప్పాలి" అనే వాక్యాన్ని ఏ అక్షంలో వేస్తారు? ఎయిట్ వాల్యూస్‌లో సంప్రదాయం–పురోగతి అనే అక్షం ఉంది కదా అని అక్కడ వేస్తే తప్పు. ఇంగ్లిష్ మాధ్యమం కావాలని గట్టిగా అడిగేవాళ్లలో దళిత, బహుజన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ల వాదన సమానత్వం. తెలుగు మాధ్యమం అడిగేవాళ్లలో పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలనే బోధనా వాదన ఉంది, భాషాభిమానం ఉంది. ఈ వాక్యాన్ని ఏ అక్షంలోనూ కలపకుండా విడిగా ఉంచి, కింద "ఎందుకు?" అని రెండు గీతలు వదలండి.

ఎడమ, కుడి అనే మాటలు 1789 ఫ్రాన్సు జాతీయ సభలో కూర్చున్న వరసల నుంచి వచ్చాయి. రాజు వైపువాళ్లు అధ్యక్షుడికి కుడిపక్కన, మార్పు కోరేవాళ్లు ఎడమపక్కన. ఆ గదిలో కులం అనే ప్రశ్న లేదు. అందుకే పన్నులు తగ్గాలి, రిజర్వేషన్ పెరగాలి అనే మనిషికి ఈ పటాల్లో గడి దొరకదు.

మామిడి_మండీ | సోమవారం, మధ్యాహ్నం 1:50

మార్కెట్ ప్రశ్నకు మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉండాది. యాడనో ఉండే కంపెనీ గురించి అడగబల్లే. 2025 సీజన్లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు అనుకున్నారు, గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. అదే జూన్‌లో పక్క రాష్ట్రం తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆపినారు. కర్ణాటక అభ్యంతరం చెప్పింది.

ఇప్పుడు ఒక్క రైతును మూడు ప్రశ్నలు అడగండి. ప్రభుత్వం 4 రూపాయలు ఇయ్యాలా? అవునంటాడు. ఫ్యాక్టరీకి కనీస ధర ప్రభుత్వం పెట్టాలా? అవునంటాడు. పక్క రాష్ట్రం కాయను ఆపాలా? ఈడ చీలిపోతాది. తోట చిత్తూరులో ఉండి ఫ్యాక్టరీ దగ్గరుండేవాడు ఆపమంటాడు. ఇంకో సీజన్లో తన సరుకు బెంగళూరు, చెన్నై మార్కెట్లకు పంపేవాడు ఆపబల్లేదంటాడు, రేపు వాళ్లూ మన లారీని ఆపితే ఎట్లా అని. క్విజ్ లెక్కలో మూడూ "మార్కెట్‌లో ప్రభుత్వ జోక్యం" అనే ఒకే గంపలో పడతాయి. మూడోది ప్రాంతం ప్రశ్న, మార్కెట్ ప్రశ్న కాదు. దాన్ని వేరే అక్షంలో ఎయ్యండి.

చదువుల_గది | సోమవారం, సాయంత్రం 7:00

చాలా మేలు చేశారు. అయితే మొదటి అరగంట ఎయిట్ వాల్యూస్ చూపించి, తర్వాత మన సొంత కాగితం ఇద్దామనుకుంటున్నాను. ఎన్ని వాక్యాలు? ఎట్లా రాయాలి? చివర ఏ పార్టీకి దగ్గరో కూడా చెప్పొచ్చా?

నీవానది | సోమవారం, రాత్రి 9:20

ఐదు అక్షాలు, ఒక్కోదానికి ఆరు వాక్యాలు, మొత్తం 30 పెట్టండి. వాక్యానికి అర నిమిషం చొప్పున పదిహేను నిమిషాలు పడుతుంది, లెక్కకు ఇంకో పది. అక్షాలు: సంక్షేమం–మార్కెట్, సామాజిక న్యాయం, మతం–ప్రభుత్వం, పౌర స్వేచ్ఛ–కట్టడి, కేంద్రం–రాష్ట్రం–పంచాయతీ అధికారాలు.

ఆరింటిలో మూడు ఒక వైపు, మూడు ఎదురు వైపు రాయండి. అన్నింటికీ తలూపే మనిషికి అప్పుడు మొత్తం సున్నా వస్తుంది, పట్టుదల అంకె మాత్రం ఎక్కువ చూపిస్తుంది. ఆ కాగితం పక్కన పెట్టి మాట్లాడొచ్చు. గళ్లకు +2, +1, 0, -1, -2. ఎదురు వాక్యాలకు గుర్తు తిప్పాలి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. తిప్పాల్సిన వాక్యాల నంబర్లు పిల్లల కాగితం మీద వేయకండి, లెక్క సమయంలో బోర్డు మీద రాయండి. ముందే తెలిస్తే ఏది ఏ పక్కకో కనిపెట్టి జవాబు దిద్దుకుంటారు.

ఒక అక్షం గరిష్ఠం 12. మొత్తం 3 వస్తే (12 + 3) / 24 × 100 = 62.5. ఒక్క జవాబు అవును నుంచి కాదుకు మారితే రెండు మార్కులు పోతాయి, అంటే నూటికి 8.3. కాబట్టి ఇద్దరి మధ్య పది లోపు తేడా ఉంటే తేడా లేనట్టే అనుకోవాలి. 54 వచ్చినవాళ్లు 46 వచ్చినవాళ్లను వేరే జాతిగా చూడకూడదు.

తెలుగులో రాసేటప్పుడు కాదు, లేదు, కూడదు రెండుసార్లు రానివ్వకండి. "మద్యం అమ్మకూడదనడం సరికాదు" అని రాస్తే అవును కొట్టినవాళ్లలో కొందరు మద్యం వద్దనుకునే కొట్టి ఉంటారు. "మద్యం అమ్మకానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి" అని రాయండి. ఒక వాక్యంలో రెండు విషయాలు పెట్టొద్దు. "ఉచిత బస్సు, ఉచిత కరెంటు రెండూ ఆపాలి" అంటే బస్సు కావాలి, కరెంటు వద్దు అనే మనిషి ఏం చేయాలి?

రాసింది ముందు సర్కిల్‌లో లేని ఐదారుగురికి చదివి వినిపించండి. ఎవరైనా "అంటే?" అని అడిగారంటే ఆ వాక్యం తిరగరాయాలి. వరస కలిపేయండి, రిజర్వేషన్ ప్రశ్నలన్నీ ఒకచోట వస్తే మొదటి జవాబు మిగతావాటిని లాగుతుంది. రెండు వారాల తర్వాత అదే కాగితం మళ్లీ చేయించి, గుర్తు మారిన వాక్యాలకు సున్నా చుట్టించండి. స్థిరపడని అభిప్రాయాలు ఎవరికి ఎక్కడున్నాయో అప్పుడు బయటపడతాయి.

లెక్కల_పుస్తకం | సోమవారం, రాత్రి 10:02

పార్టీ జోడింపు గురించి. జర్మనీలో వాల్-ఓ-మాట్ అని ప్రభుత్వ పౌర విద్యా సంస్థ 2002 నుంచి నడుపుతోంది. జాతీయ ఎన్నికలకు ఇటీవల 38 వాక్యాలు పెడుతున్నారు. అక్కడ పార్టీలే ప్రతి వాక్యానికీ అవును, కాదు, మధ్యస్థం అని స్వయంగా జవాబిచ్చి, కారణం కూడా రాస్తాయి. మన జవాబు పార్టీ జవాబుతో కలిస్తే 2, ఒక మెట్టు తేడా ఉంటే 1, ఎదురైతే 0. ముఖ్యమనుకున్న వాక్యాన్ని రెండింతలు చేసుకోవచ్చు. 10 వాక్యాల్లో ఒకటి రెండింతలు చేస్తే గరిష్ఠం 22, వచ్చింది 15 అయితే నూటికి 68.

ఆ రెండింతల పద్ధతిని మన కాగితంలో పెట్టండి, బాగుంటుంది. పార్టీ జోడింపు మాత్రం మనం పార్టీల తరఫున జవాబు ఊహిస్తే చెల్లదు. మేనిఫెస్టోలో ఉన్న మాటకే గుర్తు వేయాలి, లేనిచోట "మాట్లాడలేదు" అని రాయాలి. పిల్లల్ని నాలుగు జట్లుగా చేసి మేనిఫెస్టోలు చదివిస్తే, "మాట్లాడలేదు" ఎన్నిచోట్ల వస్తుందో వాళ్లే చూస్తారు.

పుత్తూరు_రోడ్ | సోమవారం, రాత్రి 10:30

మేనిఫెస్టో ఎందుకు, మన ఎంపీ సభలో ఎట్లా ఓటేశారో చూస్తే సరిపోదా?

కపిలతీర్థం | మంగళవారం, ఉదయం 6:50

సరిపోదు అన్నా. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో (సభ్యులు అవును, కాదు అని నోటితో చెప్పడంతో) అయిపోతాయి, ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో నమోదు కాదు. డివిజన్ (ఓట్ల లెక్కింపు) అడిగితేనే లెక్క ఉంటుంది. అది కూడా 1985లో వచ్చిన పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) వల్ల విప్ (పార్టీ ఆదేశం) ఉంటే పార్టీ చెప్పినట్టే వేయాలి. అది పార్టీ అభిప్రాయం, మనిషిది కాదు. సభ్యుల సొంత ఆలోచన కావాలంటే వాళ్లడిగిన ప్రశ్నలు, ప్రైవేటు సభ్యుల బిల్లులు చూడాలి. అభ్యర్థి గురించైతే నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఉంది, ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఎన్నికల సంఘం సైట్లో దొరుకుతాయి.

ఇంకో మాట పిల్లలకు చెప్పాలి. తిరుపతి, చిత్తూరు రెండూ ఎస్సీ రిజర్వుడ్ లోక్‌సభ స్థానాలు. రిజర్వేషన్ మీద మన జవాబు ఏదైనా, ఎంపీ ఓటు దగ్గర అభ్యర్థులందరూ ఎస్సీలే. కాబట్టి అక్కడ ఎంపిక జరిగేది మిగతా నాలుగు అక్షాల మీద.

స్వర్ణముఖి | మంగళవారం, ఉదయం 9:15

భద్రత గురించి ఎవరూ రాయలేదు. కాగితం మీద పేరు, రోల్ నంబరు, కులం రాయించొద్దు. రెండు వారాల తర్వాత పోల్చాలి కాబట్టి ప్రతి ఒక్కరూ తమకు మాత్రమే తెలిసిన నాలుగంకెల సంఖ్య రాసుకోవాలి. కాగితాలు వాళ్ల దగ్గరే ఉండాలి, మీరు తీసుకోవద్దు. ఆన్‌లైన్‌లో ఫోన్ నంబరు లేదా ఫేస్‌బుక్ లాగిన్ అడిగే క్విజ్ ఏదైనా మూసేయండి. 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా (ఫేస్‌బుక్ సమాచారం వాడుకున్న రాజకీయ ప్రచార సంస్థ) వ్యవహారం మొదలైంది ఒక వ్యక్తిత్వ క్విజ్ యాప్‌తోనే. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో ఆ యాప్ వేసుకున్నది 335 మంది, సమాచారం పోయి ఉండొచ్చన్నది 5,62,455 మందిది. స్నేహితుల జాబితా గుండా పోయింది.

ఎన్నికల సమయంలో అయితే పోలింగ్ ముగిసే ముందు 48 గంటల్లో ఫలితాల ఫొటోలు, పార్టీ జోడింపులు పెట్టకండి, ఆ సమయంలో ప్రచారం ఆపాలనే ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ఉంది. సర్కిల్‌కు వచ్చే ప్రభుత్వ టీచర్లు ఏ రోజైనా తమ ఫలితం గ్రూపుల్లో పెట్టకపోవడమే మంచిది.

చదువుల_గది | మంగళవారం, రాత్రి 8:45

30 వాక్యాలు రాశాం. సంక్షేమం–మార్కెట్ అక్షంలో మొదటి మూడు చూడండి:
4. మామిడి ధర పడిపోయినప్పుడు రైతులకు, ఫ్యాక్టరీలకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి ఆదుకోవాలి.
11. ఆర్టీసీ బస్సుల్లో మహిళల ఉచిత ప్రయాణం కొనసాగాలి.
19. ప్రభుత్వ ఆసుపత్రుల నిర్వహణ ప్రైవేటు వాళ్లకు ఇస్తే సేవలు మెరుగవుతాయి.

మామిడి_మండీ | మంగళవారం, రాత్రి 9:10

4లో రైతూ ఫ్యాక్టరీ ఒకే తాడుకు కట్టినారు, విడగొట్టండి. "ఆదుకోవాలి" తీసేయండి, ఆ మాటకు ఎవరూ కాదనరు. "సబ్సిడీ" కూడా వద్దు, ఎంతో రాయండి. "తోతాపురి ధర పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం ఇయ్యాలి." ఇట్ల రాస్తే పల్లెలోనూ జవాబు వస్తాది, హాస్టల్లోనూ వస్తాది.

నీవానది | మంగళవారం, రాత్రి 9:32

19 కూడా మార్చండి. "మెరుగవుతాయి" అనేది జరుగుతుందా లేదా అనే అంచనా, "ఇవ్వాలి" అనేది అభిప్రాయం. సేవలు మెరుగవుతాయని నమ్మి కూడా ఇవ్వకూడదనేవాళ్లు ఉంటారు. "ప్రభుత్వ ఆసుపత్రుల నిర్వహణ ప్రైవేటు వాళ్లకు ఇవ్వాలి" అని రాయండి. ఇది ఎదురు వాక్యం, గుర్తు తిప్పాల్సిన వాటిలో 19 నంబరు రాసుకోండి.

చదువుల_గది | మంగళవారం, రాత్రి 9:50

రెండూ మార్చాను. 4ను విడగొట్టడంతో 31 అయ్యాయి. ఫ్యాక్టరీ వాక్యం ఉంచి, దాదాపు అదే అడుగుతున్న 26 తీసేశాను. మళ్లీ 30. శనివారం ఉదయం కాగితాలు జిరాక్స్‌కు ఇస్తున్నాను, ఒక పక్క వాక్యాలు, వెనక పక్క లెక్క గడులు.